జోడే పైసల దగ్గర ప్రవక్త ఆదర్శం ఎందుకు ఆగిపోవాలి?

ప్రశ్న: అస్సలాము అలైకుమ్. మాది వరంగల్. నా వయసు 27. ఎనుమాముల మార్కెట్‌లో మా అబ్బాకు (నాన్నకు) మిర్చి అడ్తి (కమీషన్ దుకాణం) ఉంది. డిగ్రీ ముగిశాక నేను కూడా అక్కడే లెక్కలు చూసుకుంటున్నాను. ఏడాదిగా ఐదు పూటలా నమాజుకు వెళ్తున్నాను. గడ్డం పెంచాను, పైజామా చీలమండల పైకి వేసుకుంటున్నాను, మిస్వాక్ (పళ్లు తోముకునే పుల్ల) వాడుతున్నాను. మస్జిద్‌లో మిత్రులు నన్ను చూసి సంతోషిస్తున్నారు. ఇటీవల నాకు సంబంధం కుదిరింది. మా పెద్దలు అమ్మాయి తరఫువారిని జోడే పైసలు (కట్నంగా ఇచ్చే నగదు), బండి, ఫంక్షన్ హాలు ఖర్చు అడిగారు, వారు ఒప్పుకున్నారు. కొంత డబ్బు ముట్టింది కూడా. నేను ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి మా చెల్లె, ‘భాయ్, నువ్వు ప్రతిదానికీ ప్రవక్త ఆదర్శం అంటావు కదా, ఆయన ఎవరి దగ్గరైనా జోడే పైసలు తీసుకున్నారా?’ అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. 1400 ఏళ్ల కిందట అరేబియాలో జీవించినవారిని ఈనాటి వరంగల్‌లో ఉన్న నేను ఆదర్శంగా తీసుకోవడం అంటే అసలు ఏమిటి? ఎక్కడ మొదలుపెట్టాలి? అబ్బా మాట కాదనడం కూడా పాపమే కదా?

— ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: వ అలైకుమ్ అస్సలామ్. సోదరా, మీ చెల్లె ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పవచ్చు: తీసుకోలేదు. అయితే మీరు అడిగింది అంతకంటే పెద్ద ప్రశ్న కాబట్టి కొంత వివరంగానే రాస్తున్నాను.

ముహమ్మద్ ప్రవక్త (స) జీవితంలో విశ్వాసులకు చక్కని ఆదర్శం ఉందని చెప్పే ఖుర్ఆన్ వాక్యం 33వ సూరా (అధ్యాయం) అయిన అహ్‌జాబ్‌లో, 21వ ఆయత్‌గా ఉంది. మన ఉపన్యాసాలలో తరచుగా వినిపించే ఆ వాక్యం ఏ సందర్భానికి సంబంధించిందో మాత్రం అంతగా వినిపించదు. అది క్రీ.శ. 627లో మదీనా నగరాన్ని శత్రు సేనలు చుట్టుముట్టిన కందక యుద్ధపు రోజుల ప్రస్తావనలో వస్తుంది. చలి, ఆకలి, భయం ఒక్కసారిగా మీద పడ్డాయి. మనుషులు ఏదో ఒక సాకు చెప్పి ఇళ్లకు జారుకుంటున్నారు. అటువంటి వేళ ప్రవక్త తన అనుచరులతో కలిసి కందకం తవ్వారని, ఎత్తిపోసిన మట్టి దుమ్ము ఆయన పొట్ట మీద చర్మం కనబడనంతగా కమ్ముకుందని బుఖారీ హదీసు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనం) సంకలనంలో ఉంది. అంటే ఆయనను ఆదర్శంగా చూడమని అల్లాహ్ మనకు చెప్పింది, నిలబడితే నష్టం, తప్పుకుంటే సుఖం అని అనిపించే ఘడియను ముందు పెట్టి చెప్పిన మాట. పెళ్లి మాటల రోజున మీ ఇంట్లో మీ ముందుకు వచ్చింది కూడా తన పరిమాణంలో అటువంటి ఘడియే.

గడ్డం విషయంలో నా మాటను అపార్థం చేసుకోవద్దు. మీసం కత్తిరించి గడ్డం పెంచమన్న హదీసు ప్రామాణికమైనది. దానిని తప్పనిసరి విధిగా పరిగణించే పండితులు చాలామంది ఉన్నారు. మిస్వాక్ పట్ల ప్రవక్తకు ఎంత మక్కువ ఉండేదంటే, నా సముదాయానికి కష్టమవుతుందని అనుకోకపోతే ప్రతి నమాజుకూ దానిని తప్పనిసరి చేసేవాడినని ఆయన అన్నారు. ప్రేమించినవారి రూపాన్ని, అలవాట్లను అనుకరించాలనిపించడం స్వచ్ఛమైన కోరిక, దానిని వదులుకోనవసరం లేదు. నాకు బాధ కలిగించేది మరొకటి. మన సమాజంలో, ముఖ్యంగా మీ వయసు యువకులలో, ఖర్చు లేని సున్నత్ (ప్రవక్త ఆచరించి చూపిన మార్గం) ముందుకు వచ్చి, చేతిలోని డబ్బు పోయే సున్నత్ వెనక్కు వెళ్తోంది. గడ్డం నలుగురికీ కనిపిస్తుంది కనుక నలుగురూ మెచ్చుకుంటారు. జోడే పైసలు రెండు కుటుంబాల మధ్య నాలుగు గోడల లోపల చేతులు మారుతాయి కనుక ఎవరూ నిలదీయరు. మిమ్మల్ని చూసి సంతోషించిన మస్జిద్ మిత్రులలో, నీ నికాహ్ ఏ షరతుల మీద కుదిరిందని అడిగినవారు ఎవరైనా ఉన్నారా అని ఆలోచించండి.

ప్రవక్తను బయటివారి కంటే బాగా ఎరిగినవారు ఆయన గురించి ఏమి చెప్పారో చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలన్న మీ ప్రశ్నకు దారి దొరుకుతుంది. క్రీ.శ. 610లో హిరా గుహలో తొలి వహీ (దైవసందేశం) అవతరించిన తరువాత ఆయన వణుకుతూ ఇంటికి వచ్చి, నన్ను కప్పండి అన్నారు. తనకేమవుతుందోనన్న భయం ఆయనకు కలిగింది. అప్పటికి సుమారు పదిహేనేళ్లుగా ఆయనతో కాపురం చేస్తున్న హజ్రత్ ఖదీజా (ర) ధైర్యం చెబుతూ, అల్లాహ్ మిమ్మల్ని ఎన్నటికీ అవమానపరచడని, ఎందుకంటే మీరు బంధుత్వాలను నిలబెడతారని, బలహీనుల భారం మోస్తారని, లేనివారికి సంపాదించి పెడతారని, అతిథులను ఆదరిస్తారని, న్యాయమైన కష్టంలో ఉన్నవారికి అండగా నిలుస్తారని అన్నారు. అప్పటికి ఐదు పూటల నమాజు విధి కాలేదు, రంజాన్ ఉపవాసాలు విధి కాలేదు. ఆ ఇల్లాలు తన భర్తలో చూసిందంతా తోటి మనుషులతో ఆయన మెలిగిన తీరే. ఆమె చెప్పిన వాటిలో ఏ ఒక్కదానికీ ఏడవ శతాబ్దపు అరేబియా అవసరం లేదు. ములుగు, భూపాలపల్లి ఊళ్ల నుంచి రోగిని తీసుకుని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చి, రాత్రిపూట ఎక్కడ తల దాచుకోవాలో తెలియక ఆవరణలో కూర్చున్న మనుషుల దగ్గరకు వెళ్లి నిలబడితే, ఖదీజా చెప్పిన పనులలో రెండు మూడు అక్కడే మీ కోసం ఎదురు చూస్తూ ఉంటాయి.

ఇక 1400 ఏళ్ల దూరం సంగతి. ఆయన ఎక్కిన ఒంటె, తిన్న బార్లీ రొట్టె, కట్టిన బట్ట ఆ కాలానికి, ఆ నేలకు చెందినవి. ఆయన మనిషిగా తన కాలపు అలవాటు ప్రకారం చేసినవి, ప్రవక్తగా ఆయనకు మాత్రమే ప్రత్యేకమైనవి, సముదాయానికి మార్గదర్శకంగా చేసి చూపినవి వేర్వేరని మన ధర్మశాస్త్ర పండితులు మొదటి నుంచీ విడదీసి చెబుతూనే ఉన్నారు. మదీనాలో ఖర్జూర చెట్లకు పరాగ సంపర్కం చేస్తున్న రైతులను చూసి, దీనివల్ల ప్రయోజనం ఉంటుందని అనుకోనని ఆయన అన్నప్పుడు వారు మానివేశారు, ఆ ఏడు కాపు తగ్గింది. అప్పుడు ఆయన, మీ ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసునని చెప్పి, తన సొంత అభిప్రాయాన్ని ధర్మాదేశంతో కలపవద్దని స్పష్టం చేశారు. ఈ ఉదంతం ‘సహీహ్ ముస్లిం’ అనే హదీసు సంకలనంలో ఉంది. అంతకంటే నన్ను ఎక్కువగా కదిలించేది 80వ సూరా. మక్కాలోని ఖురైష్ తెగ పెద్దలతో మాట్లాడుతున్న సమయంలో అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ అనే అంధుడు వచ్చి ధర్మం చెప్పమని అడిగితే, ప్రవక్త ముఖం చిట్లించారని అల్లాహ్ మందలించాడు. ఆ మందలింపును ఆయన దాచుకోలేదు. దానిని జనానికి చదివి వినిపించారు, ఈనాటికీ మనం నమాజులో పారాయణం చేస్తున్నాం. నేను కూడా మీలాంటి మనిషినేనని ప్రకటించమని ఖుర్ఆన్ ఆయనను 18వ సూరాలో ఆదేశించింది. దేవదూతను చూసి భక్తి పడగలం గానీ, ఆ దేవదూత నడిచినట్టు నడవలేం. ఆకలి, అప్పు, బిడ్డల మరణం, అయినవారి శత్రుత్వం అన్నీ అనుభవించిన మనిషిని మాత్రమే దుకాణంలో, వంటింట్లో, పెళ్లి మాటల చాప మీద ఆదర్శంగా తలచుకోగలం.

ఇంటి సంగతి తక్కువలో చెబుతాను, ఎందుకంటే ఇది చేయడమే తప్ప వివరించడానికి పెద్దగా లేదు. ప్రవక్త ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనులలో సాయపడేవారని, నమాజు వేళ కాగానే లేచి వెళ్లేవారని ఆయన భార్య హజ్రత్ ఆయిషా (ర) చెప్పారు. తన చెప్పులు తానే బాగు చేసుకునేవారు, తన బట్టలు తానే కుట్టుకునేవారు. పదేళ్లు ఆయనకు సేవ చేసిన అనస్ (ర), ఒక్కనాడైనా తనను విసుక్కోలేదని, ఈ పని ఎందుకు చేశావని గద్దించలేదని గుర్తు చేసుకున్నారు. రేపు మీ ఇంటికి వచ్చే అమ్మాయికి మీ గడ్డం కంటే ముందు ఈ సున్నత్ కనిపించాలి.

మీరు అడ్తి దుకాణంలో ఉన్నారు కాబట్టి బజారు గురించి మాత్రం ఎక్కువే చెప్పాలి. ప్రవక్త స్వయంగా వర్తకులు. ప్రవక్త కావడానికి ముందే మక్కా వారు ఆయనను అల్-అమీన్ (నమ్మకస్తుడు) అని పిలిచి, తమ విలువైన వస్తువులను ఆయన దగ్గర దాచుకునేవారు. క్రీ.శ. 622లో ఆయనను చంపడానికి పన్నాగం పన్నిన రాత్రి సైతం అదే నగరవాసుల సొమ్ము ఆయన ఇంట్లో ఉంది. హిజ్రత్‌కు (మదీనాకు వలస) బయలుదేరుతూ, ఎవరిది వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (ర)ని వెనుక ఉంచారు. శత్రువు సొమ్మును కూడా అంత నిక్కచ్చిగా తిప్పి ఇచ్చినవారి పేరు చెప్పుకుంటూ, కాబోయే మామగారి ఇంటి సొమ్మును అడిగి తెచ్చుకోవడం ఎట్లా పొసగుతుందో మీరే చూడండి.

మదీనా బజారులో ఆయన ఒక ధాన్యపు రాశిలోకి చెయ్యి పెట్టగా వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందని ఆ వ్యాపారి చెప్పాడు. అయితే జనానికి కనబడేలా తడిసినదాన్ని పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించి, మోసం చేసేవాడు నావాడు కాడని ఆయన అన్నారు. మిర్చి యార్డులో పనిచేసే మీకు ఈ హదీసును విడమరచి చెప్పనవసరం లేదు. బస్తా మీద నీళ్లు చల్లడం ఏమిటో, మంచి కాయ కింద తాలు కాయ ఎట్లా పడుతుందో, తేమ పేరుతోనో తరుగు పేరుతోనో రైతుకు రావలసిన కిలోలు ఎట్లా తగ్గుతాయో మీకు నాకంటే బాగా తెలుసు. తాము తీసుకునేటప్పుడు నిండుగా తూచుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని 83వ సూరా మొదటి మూడు వాక్యాలలోనే ఉంది. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న మాట మీ హమాలీలకు వర్తిస్తుంది.

రైతు విషయంలో మరొక హదీసు ఉంది, ఇది ప్రతి అడ్తి గద్దె దగ్గరా జ్ఞాపకం ఉండవలసినది. ప్రవక్త ఒకరి దగ్గర ఒంటెను అప్పుగా తీసుకున్నారు. ఆ మనిషి వచ్చి చాలా కటువుగా తన బాకీ అడిగాడు. సహచరులు అతని మీదికి వెళ్లబోతే ప్రవక్త ఆపి, అతనిని వదిలేయండి, హక్కుదారుకు మాట్లాడే అధికారం ఉంది అన్నారు. అతనిది ఎంత వయసున్న ఒంటెయో అంతకంటే మేలైనదే దొరికితే, దానినే కొని ఇవ్వమన్నారు. బాకీని చక్కగా తీర్చేవారే మీలో ఉత్తములని కూడా అన్నారు. పంట అమ్మి డబ్బు కోసం రెండోసారి, మూడోసారి తిరిగి వచ్చిన రైతు మీ దుకాణంలో గొంతు పెంచిన రోజున, లెక్కల పుస్తకం ముందు కూర్చున్న మీకు ఈ ఒంటె గుర్తుకు రావాలని నా కోరిక.

ఇప్పుడు పెళ్లికి వద్దాం. ఇస్లాంలో నికాహ్ సందర్భంగా తప్పనిసరిగా చేతులు మారవలసిన సొమ్ము ఒక్కటే, అది మహర్. అది వరుడు వధువుకు ఇచ్చేది. స్త్రీలకు వారి మహర్‌ను మనస్ఫూర్తిగా ఇవ్వండి అని ఖుర్ఆన్ 4వ సూరా నాలుగో ఆయత్ చెబుతోంది. ఒక పేదవాడు పెళ్లాడదలచినప్పుడు, ఇనుప ఉంగరమైనా వెతికి తెమ్మని ప్రవక్త అతనిని పంపారు. అదీ దొరకకపోతే అతనికి వచ్చిన ఖుర్ఆన్ సూరాల మీదనే నికాహ్ చేశారు. అంతటి లేమిలో కూడా అమ్మాయి వైపు నుంచి ఏమైనా తెప్పించుకోమని అనలేదు. తన కూతురు హజ్రత్ ఫాతిమా (ర)ను హజ్రత్ అలీకి ఇచ్చేటప్పుడు, ఆమెకు ఏమైనా ఇవ్వమని అడిగారు. తన దగ్గర ఏమీ లేదని అలీ చెబితే, నీ కవచం ఏమైందని గుర్తు చేశారు. ఆ కవచమే మహర్ అయింది.

మీ పెద్దలలో ఎవరైనా ఇక్కడ ఒక మాట అనవచ్చు: ప్రవక్త కూడా ఫాతిమాకు జహేజ్ (కూతురికి ఇచ్చే పెళ్లి సామాను) ఇచ్చారు కదా అని. ఆయన ఇచ్చినట్టు హదీసులో ఉన్నవి ఒక దుప్పటి, ఒక నీటి తోలుసంచి, గడ్డి నింపిన ఒక తోలు దిండు. అలీ చిన్ననాటి నుంచి ప్రవక్త ఇంట్లోనే పెరిగినవారు, ఆయనకు వేరే ఇల్లు, సామాను లేవు. కొత్త కాపురానికి పెద్దదిక్కుగా ఉన్నవారు అమర్చిన ఆ మూడు వస్తువులను ఆధారం చేసుకుని ఈనాటి బండిని, ఫ్రిజ్‌ను, లక్షల జోడే రఖమ్‌ను సమర్థించడం ప్రవక్త పేరును వాడుకోవడమే అవుతుంది. ఈ మాటలో నేను మెత్తదనం చూపలేను. దక్కన్‌లో ఎంతో కాలంగా స్థిరపడిన ఈ ఆచారానికి షరీఅత్‌లో ఎక్కడా చోటు లేదు. దేశ చట్టంలో కూడా లేదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, తీసుకోవడం, అడగడం మూడూ నేరాలే. అమ్మాయి వాళ్లు ఒప్పుకున్నారని మీరు రాశారు. ఆడపిల్ల తండ్రి ఒప్పుకోవడం వెనుక ఎంత అప్పు ఉందో, ఎవరి బంగారం తాకట్టు పడిందో మీకు తెలియదు.

అబ్బాతో ఎట్లా మాట్లాడాలన్నది మీ చివరి ప్రశ్న. తల్లిదండ్రులను విసుగుతో ‘ఉఫ్’ అని కూడా అనవద్దని ఖుర్ఆన్ 17వ సూరాలో ఉంది. అదే ఖుర్ఆన్ 4వ సూరాలో, మీకూ మీ తల్లిదండ్రులకూ వ్యతిరేకమైనా సరే న్యాయం వైపు నిలబడమని ఉంది. అల్లాహ్‌కు సాటి కల్పించమని తల్లిదండ్రులు ఒత్తిడి చేసినా, ఆ మాట వినవద్దని, అయినా ఈ లోకంలో వారితో మంచిగానే మెలగమని 31వ సూరాలో ఉంది. ఇంతటి విషయంలో సైతం మర్యాద తప్పవద్దన్నప్పుడు, డబ్బు విషయంలో అబ్బాను గౌరవిస్తూనే కాదనడానికి తప్పకుండా చోటు ఉంది. అది పాపం కాదు. నలుగురు బంధువుల ముందు ఈ మాట ఎత్తకండి, ఆయన తల దించుకోవలసిన పరిస్థితి వస్తే న్యాయమైన మాట కూడా చెవికెక్కదు. దుకాణం కట్టేశాక, ఇద్దరే ఉన్నప్పుడు కూర్చోండి. మీరు తప్పు చేశారు అని మొదలుపెట్టవద్దు. ‘నేను ఆ రోజు మాట్లాడవలసింది, మాట్లాడలేదు, ఆ డబ్బుతో నా కాపురం మొదలు కావడం నాకు ఇష్టం లేదు’ అని మీ మీదే పెట్టుకుని చెప్పండి. నిజానికి పెళ్లి మీది కనుక బాధ్యత కూడా మొదట మీదే. అమ్మీని ముందుగా ఒప్పించుకుంటే సగం పని అవుతుంది. మన ఇళ్లలో జోడే లెక్క చాలాసార్లు ‘నా కూతురి పెళ్లికి నేనూ ఇచ్చుకోవాలి కదా’ అన్న బెంగ నుంచి పుడుతుంది. మీ చెల్లె పెళ్లి గురించి మీ అబ్బా మనసులో అటువంటి లెక్క ఏదైనా ఉందేమో అడిగి తెలుసుకోండి, దానికి మీ సంపాదన నుంచి మీరు చేయగలిగింది మాటగా ఇవ్వండి. అయినా ఆయన మెత్తబడకపోతే, ఆయన గౌరవించే ఇమామ్ సాహెబ్‌నో మేనమామనో మధ్యలోకి తీసుకురండి, మిత్రబృందాన్ని మాత్రం ఇంటి మీదికి తీసుకురావద్దు.

ఒప్పుకున్న మీదట ముట్టిన డబ్బును పూర్తిగా తిప్పి ఇవ్వండి. ఇవ్వడానికి మీరు మీ అబ్బాతో కలిసి స్వయంగా వెళ్లండి. మధ్యవర్తి చేత పంపిస్తే, సంబంధం తప్పిపోతోందేమోనని ఆ ఇంటివారు హడలిపోతారు. బండి వద్దని, హాలు ఖర్చు మాది మేమే చూసుకుంటామని అక్కడే చెప్పండి. పైకి కనబడకుండా, బహుమతి పేరుతో, పిల్ల మీద ప్రేమ పేరుతో అదే సొమ్ము మళ్లీ వచ్చే దారులను కూడా ముందే మూసేయండి. మీరు గట్టిగా చెబితేనే వారికి నమ్మకం కలుగుతుంది.

మహర్ గురించి కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. నికాహ్‌నామాలో పెద్ద అంకె రాయించి, దానిని తరువాత చెల్లించే బాకీగా వదిలేసి, చివరకు భర్త జనాజా (శవం) ముందు భార్య చేత మాఫ్ చేయించే అలవాటు మన ప్రాంతంలో చాలా ఇళ్లలో ఉంది. భార్యకు ఉన్న బాకీని ఆ విధంగా ఎగవేయడం, బాకీని చక్కగా తీర్చమన్నవారి అనుచరులకు తగదు. మీరు నిజంగా ఇవ్వగలిగిన మొత్తాన్నే అమ్మాయి ఇష్టం కనుక్కుని నిర్ణయించి, నికాహ్ రోజునే ఆమె చేతికి ఇవ్వండి. ఇక వలీమా (నికాహ్ తరువాత ఇచ్చే విందు) సున్నత్, అది వరుడి ఖర్చు. ప్రవక్త సహచరుడు అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్ (ర) పెళ్లి చేసుకున్నప్పుడు, ఒక్క మేకతోనైనా వలీమా చేయమని ప్రవక్త ఆయనకు చెప్పారు. హజ్రత్ సఫియ్యా (ర)తో తన వివాహపు వలీమాను ఖర్జూరాలు, జున్ను, నెయ్యితో ముగించారు. ధనికులను పిలిచి పేదలను వదిలేసిన వలీమా తిండిని అన్నింటికంటే చెడ్డ తిండి అన్నారు. అందువల్ల మీ అతిథుల జాబితా రాసేటప్పుడు, వ్యాపారుల పేర్లతో పాటు మీ యార్డులో బస్తాలు మోసే హమాలీల పేర్లు, తూకం వేసే దడ్వాయిల పేర్లు, వారు ఏ మతంవారైనా సరే, రాసుకుని, మీరే వెళ్లి కుటుంబంతో సహా రమ్మని పిలవండి.